మూడో ఖోకా

మొగులయ్యకు తుపాకులంటే భయం. ఆబిడ్స్‌లో తుపాకుల దుకాణం వెనకగదిలో పదిహేనేళ్లుగా మిస్త్రీ పని చేస్తున్నవాడు ఈ మాట ఎవరితో చెప్పుకుంటాడు? భార్య యాదవ్వకు ఒక్కదానికే తెలుసు. విప్పి బల్లమీద పరిచిన తుపాకీ అంటే అతనికి ఏ బెరుకూ లేదు. స్ప్రింగులూ, మేకులూ, బోల్టూ, గొట్టమూ అన్నీ చేతికి చెప్పినట్టు వింటాయి. అవే ముక్కలు ఒకటిగా బిగిసి లోపల తూటా పడిందంటే మాత్రం రెండడుగులు వెనక్కి వేస్తాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తన చేత్తో పేల్చలేదు.

పరిగి దగ్గర వాళ్ల ఊళ్లో, అతనికి తొమ్మిదేళ్లప్పుడు, దొర మనిషి ఒకడు కళ్లంలో నిలబడి గాలిలోకి తుపాకీ కాల్చాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాని ఆ చప్పుడుకు మొగులయ్య తండ్రి చేతిలోని చాట విడిచేసి నేలమీద బోర్లా పడ్డాడు. లేచి కూర్చున్నాక కూడా చాలాసేపు ఆయన నోట మాట రాలేదు. ఆ తర్వాత నాలుగేళ్లకు మొగులయ్య పట్నం వచ్చి, అఫ్జల్‌గంజ్‌లో ఒక ముసలి ఉస్తాద్ దగ్గర చేరి తాళాల పనీ, తుపాకుల పనీ నేర్చుకున్నాడు. భయపడేవాడు కాబట్టే పని జాగ్రత్తగా చేస్తాడని ఉస్తాద్ అనేవాడు.

అరవై ఏడో సంవత్సరం ఏప్రిల్ నెలలో జగన్మోహనరావు ఆ రైఫిల్ పట్టుకుని దుకాణానికి వచ్చాడు. ఆయన పెద్ద ఇంజనీరు. రాష్ట్రం ఏర్పడ్డ ఏడాదే బెజవాడ నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడ్డవాడు. వేటంటే ప్రాణం. దుకాణం యజమాని రాధాకృష్ణమూర్తిది తెనాలి వైపు. ఇద్దరికీ ఊళ్ల పరిచయం కూడా ఉంది.

అమెరికా నుంచి వచ్చిన రైఫిల్ అది. ఒక పాత నవాబు దేవిడీవాళ్లు అమ్మితే ఈయన కొన్నాడు. ఒక గుండు పేలగానే దానంతట అదే ఖాళీ డొప్పను బయటికి విసిరేసి, రెండో తూటాను ఎక్కించుకుంటుంది. అలా బయటపడే ఇత్తడి డొప్పను దుకాణంలో ఖోకా అంటారు. ఇనుము మీది నీలం పూత నెమలి మెడలా ఉంది. మొగులయ్య అంతటి పూతను అంతకుముందు రెండుసార్లే చూశాడు.

"ఇదిగో, ఇక్కడ చూడవయ్యా," అని జగన్మోహనరావు వేలుపెట్టి చూపించాడు.

ఖోకా బయటికి దూకే కిటికీ వెనక అంచు మీద ఇత్తడి చారలు పడ్డాయి. పూత రెండుచోట్ల లేచిపోయి తెల్లగా ఇనుము కనబడుతోంది.

"పేలిన ప్రతిసారీ ఖోకా వచ్చి సరిగ్గా ఇక్కడే కొట్టుకుంటోంది. దీనికి గీతలు, దానికి నొక్కులు. కొత్త తూటాలు రావడమే గగనంగా ఉన్న రోజులాయె. ఈ ఖోకాలనే మళ్లీ మందు కూరి వాడుకోవాలి నేను. మూతి వంకరపోతే అది చెత్తబుట్టకే. పూత మీద గీత పడకూడదు, ఖోకా నొక్కుకోకూడదు. ఏం చేస్తావో చెయ్యి."

"గిది రైఫిల్ కసూర్ కాదు సార్. దాని గుణమే గంత," అన్నాడు మొగులయ్య.

"గుణం మార్చలేకపోతే మిస్త్రీ ఎందుకయ్యా?" అని నవ్వాడు ఆయన. రాధాకృష్ణమూర్తి కూడా నవ్వాడు. మొగులయ్య తల దించుకుని రైఫిల్ అందుకున్నాడు.

మొదట తోలుముక్క అంటించి చూశాడు. అది పదిసార్లకే చిట్లిపోతుందని చేతికే తెలిసిపోయింది. తర్వాత బేగం బజార్ అవతల లారీ టైర్లు కోసేవాళ్ల దగ్గర మెత్తటి నల్ల రబ్బరు తెచ్చి, బొటనవేలంత ముక్క కోసి, అంచులు అరగదీసి, కిటికీ వెనక సైకిల్ ట్యూబులకు పూసే సొల్యూషన్‌తో అతికించాడు. చూడ్డానికి పుట్టుమచ్చలా ఉంది. ఖోకా ఇకమీద ఇనుముకు కాకుండా రబ్బరుకు తగిలి మెత్తగా పక్కకు పడుతుంది. అదీ అతని ఆలోచన.

బుధవారం పొద్దున గోలకొండ అవతల గురి అభ్యాసం చేసే చాంద్‌మారీ మైదానంలో జగన్మోహనరావే ఐదు గుండ్లు కాల్చి చూశాడు. మొగులయ్య చెవుల్లో దూది కుక్కుకుని దూరంగా నిలబడి, పేలిన ప్రతి ఖోకానూ పరిగెత్తి ఏరి, తాను వెంట తెచ్చుకున్న చెక్కదిమ్మె బెజ్జాల్లో వరసగా గుచ్చాడు. అది అతని అలవాటు. ఏది ఎన్నోదో తెలియకపోతే ఏ తప్పు ఎక్కడ మొదలైందో తెలియదని ఉస్తాద్ నేర్పాడు. రైఫిల్ మీద ఒక్క గీత లేదు. ఖోకాల మూతులు గుండ్రంగా చంద్రబింబాల్లా ఉన్నాయి. జగన్మోహనరావు మొగులయ్య భుజం తట్టి, ఖోకాలు శుభ్రం చేసి పెట్టమని చెప్పి, రైఫిల్ తీసుకుని వెళ్లిపోయాడు.

శనివారం మధ్యాహ్నం దుకాణంలో పని పలచగా ఉంది. మొగులయ్య చింతపండు పులుసు కలిపి ఆ ఐదు ఖోకాలూ తోమడానికి కూర్చున్నాడు. మొదటిది తోమాడు, రెండోది తోమాడు. మూడోది వేళ్ల మధ్య తిప్పుతుంటే నడుముమీద ఏదో గరుకుగా తగిలింది. వెలుతురులోకి తెచ్చి భూతద్దం పెట్టి చూశాడు.

ఖోకా నడుముకు అడ్డంగా, నెలవంకలాంటి సన్నని నొక్కు ఉంది. ఆ నొక్కుకు ఎదురు పక్కన రబ్బరు నలుపు అంటుకుని ఉంది.

మొగులయ్య చేతిలోని ఖోకా పులుసులో పడింది.

అది తూటాను లోపలికి తోసే బోల్టు అంచు చేసిన నొక్కు. బయటికి దూకిన ఖోకా రబ్బరుకు తగిలి పక్కకు పోకుండా, బంతిలా తిరిగి కిటికీలోకి వచ్చింది. ముందుకు దూసుకొస్తున్న బోల్టు దాన్ని నడుము దగ్గర కరిచింది. అదృష్టం బాగుండి జారి బయటపడింది. వెంట్రుకవాసిలో తప్పింది. అది అడ్డంగా ఇరుక్కుని ఉంటే రైఫిల్ అక్కడికక్కడే మూగబోయేది. రెండో గుండు పేలదు.

మూడో గుండు ఎలా కాల్చాడు ఆయన? మొగులయ్య కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకున్నాడు. రెండు గుండ్లు నిటారుగా నిలబడి చెక్క మీదికి కాల్చాడు. మూడోది మాత్రం సరదాకు గట్టు మీదికెక్కి, కింద గుంటలో ఉన్న రేకుడబ్బా మీదికి, ముందుకు వంగి, రైఫిల్‌ను ఎడమపక్కకు ఒరగదీసి కాల్చాడు. అప్పుడు కిటికీ ఆకాశం వైపు తిరిగి ఉంది. పైకి లేచిన ఖోకా మళ్లీ కిటికీలోకే పడింది. నాలుగూ ఐదూ మళ్లీ నిటారుగానే కాల్చాడు.

'పై నుంచి కిందికి కాలిస్తే ఆగిపోతది,' అనుకున్నాడు మొగులయ్య. 

ముందు గదిలోకి వెళ్లి రాధాకృష్ణమూర్తికి ఖోకా చూపించి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆయన భూతద్దం కూడా తీసుకోలేదు.

"ఐదు కాల్చాడు, ఐదూ బయటికొచ్చాయి. ఇంకేం కావాలయ్యా నీకు?"

"సార్‌ను పిలిపిచ్చుండ్రి. గా రబ్బరు తీసేస్త. ఒక్క గడియ పని."

"ఎక్కడ పిలిపించేది? సాయంత్రం బండికి తాండూరు వెళుతున్నాడు. అక్కడ అడవిలో చిరుత ఒకటి పశువుల కాపరిని చీరేసిందట. దానికోసం చెట్టు మీద మంచె కట్టించారు. సోమవారం తిరిగొస్తాడుగా, అప్పుడు చూసుకుందాం."

మంచె అన్న మాట దగ్గరే మొగులయ్య చెవులు మూసుకుపోయాయి. మంచె మీద నుంచి కిందికే కదా కాల్చేది. గురి చూసి కొట్టిన మొదటి గుండుకు చిరుత చావకపోతే? దెబ్బతిన్న చిరుతకు చెట్టెక్కడం ఎంతసేపు?

"ఫోన్ అయినా చెయ్యుండ్రి సార్. మీ కాళ్లు మొక్కుత."

ఆ మనిషి గొంతు విని రాధాకృష్ణమూర్తి విసుక్కుంటూనే ఫోను తిప్పాడు. అవతల జగన్మోహనరావు భార్య వసుమతి ఎత్తింది. ఇప్పుడే బయలుదేరారండీ, తిన్నగా నాంపల్లి స్టేషనుకే, ఏమైనా పనా అని అడిగింది. రాధాకృష్ణమూర్తి ఒక్క క్షణం ఆగి, "అబ్బే, ఏం లేదమ్మా. వేట బాగా సాగాలని చెబుదామని," అని పెట్టేశాడు.

"విన్నావుగా. ఇక నోరు మూసుకో. మన దుకాణంలో చేసిన పని వల్ల రైఫిల్ ఆగిపోతుందని మనమే ఊరంతా చెప్పుకుంటామా? పేరు పోతే మళ్లీ వస్తుందా?"

మొగులయ్య వెనకగదిలోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.  కుండలో నీళ్లు ముంచుకుని తాగాడు. యజమాని చెప్పింది నిజమే కావచ్చు. చిరుత అసలు రాకపోవచ్చు. మొదటి గుండుకే పడిపోవచ్చు. అన్నీ కావచ్చు. కాని ఆ రబ్బరు కోసిన చెయ్యి తనది. 

గోడ గడియారం ఐదు కొట్టింది. తాండూరు పాసింజరు ఐదున్నరకు కదులుతుంది.

మొగులయ్య చిన్న చాకు, ఆ మూడో ఖోకా జేబులో వేసుకుని వెనక తలుపు తీసుకుని వీధిలో పడ్డాడు. వెనక నుంచి "మొగులయ్యా!" అన్న కేక వినబడింది. ఆగలేదు. పదిహేనేళ్లలో చెప్పకుండా దుకాణం దాటడం అదే మొదటిసారి.

శనివారం సాయంత్రం ఆబిడ్స్ అంతా జనం. సైకిల్ రిక్షాలు, సినిమాకు పోయేవాళ్లు, పూలబుట్టలు. ఒక రిక్షా చక్రం తగిలి మోకాలు కొట్టుకుపోయింది. స్టేషన్ రోడ్డు మీద పరిగెడుతుంటే, జగన్మోహనరావు ముందు నోరు పెగులుతుందా లేదా అన్న భయం కొత్తగా పట్టుకుంది. ఇప్పటిదాకా చిరుత భయం. ఇప్పుడు మనిషి భయం. దొరల ముందు నిలబడి 'నేను చేసింది తప్పు' అని చెప్పిన మనిషిని అతను తన ఊళ్లో చూడలేదు. చెప్పినవాడికి ఏమయ్యేదో మాత్రం విన్నాడు.

ప్లాట్‌ఫారం టికెట్ కొనే తీరిక లేదు. గేటు దగ్గర జనంలో కలిసి లోపలికి జొరబడ్డాడు. ఫస్టు క్లాసు పెట్టె కిటికీలో జగన్మోహనరావు తెల్ల చొక్కా కనబడింది. పక్కన ఆయన స్నేహితుడు, ప్లీడరు భావనారాయణ. సీటు మీద పొడుగాటి తోలుపెట్టెలో రైఫిల్.

"ఏమయ్యా, నువ్విక్కడ?" అన్నాడు జగన్మోహనరావు.

మొగులయ్య పెట్టెలోకి ఎక్కి, ఆయాసంతో మాట రాక, ఖోకా తీసి చూపించాడు.

"సార్... గా రబ్బరు... తీసెయ్యాలె సార్."

"ఎందుకు?"

"ఖోకా మల్ల లోపట పడుతున్నది. కిందికి వంగి కాలిస్తే పడ్తది. గిది సూడుండ్రి, బోల్టు కరిసింది. ఇరుక్కపోతే రెండోసారి పేలదు."

జగన్మోహనరావు ఖోకా తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. మొహం గంటు పెట్టుకున్నాడు.

"రాయి మీద పడి నొక్కుకుని ఉంటుంది. ఐదు కాల్చాను. ఒక్కటి ఆగిందా?"

"ఆగలె సార్. అదృష్టం."

"అదృష్టమేమిటి! బండి కదిలే వేళకు వచ్చి అపశకునం మాటలు? పదిహేనేళ్ల పనివాడివి, చేసిన పని మీద నీకే నమ్మకం లేకపోతే ఎలా? దిగు, దిగు."

మొగులయ్య దిగలేదు. దిగాలనే ఉంది, కాళ్లు కదల్లేదు. చేతులు జోడించి అలాగే నిలబడ్డాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. గార్డు ఈల వేశాడు. బండి ఒక్క కుదుపు కుదిపి కదిలింది.

"జగన్," అన్నాడు భావనారాయణ నెమ్మదిగా. "ఆ మంచె మీద నీ పక్కన కూర్చునేది నేను. నా చేతిలో టార్చిలైటు తప్ప ఏమీ ఉండదు. అతను మోకాలు పగలగొట్టుకుని పరిగెత్తుకొచ్చాడు చూడు. తీసేస్తే పోయేదేముంది?"

"పూత పోతుంది!"

"పోతే పూస్తారు," అని భావనారాయణే తోలుపెట్టె కట్లు విప్పాడు.

జగన్మోహనరావు కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. తర్వాత రైఫిల్ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసి, మొగులయ్య ఒళ్లో పెట్టాడు.

"ఒక్క గీత పడిందో, చూసుకో మరి."

దుకాణంలో అయితే కిరసనాయిలు పూసి, ఒక పూట నానబెట్టి, వెదురుపుల్లతో ఊడదీసేవాడు. ఇక్కడ చాకు తప్ప గతి లేదు. సొల్యూషన్ ఎండకు గట్టిపడి రాయిలా పట్టుకుంది. మొగులయ్య ఊపిరి బిగబట్టి చాకు మొనను రబ్బరు కిందికి పోనిచ్చాడు. ఒక మూల లేచింది. రెండో మూల లేచింది. ఖైరతాబాదు దాటింది. చెమట కళ్లల్లోకి కారుతోంది. ఇంకొక్క మూల ఉందనగా బండి పట్టాలు మారుతూ ఒక్కసారిగా పక్కకు ఊగింది.

చాకు జారింది. రబ్బరు ఊడి నేలమీద పడింది. కిటికీ దగ్గర మొదలై కర్రతో చేసిన కుందా దాకా, నెమలి మెడలాంటి ఆ నీలం మీద జానెడు పొడుగున తెల్లటి గీత పడింది.

మొగులయ్య రైఫిల్‌ను సీటు మీద పెట్టి, లేచి నిలబడి, దెబ్బకు సిద్ధమైనవాడిలా భుజాలు ముడుచుకున్నాడు.

జగన్మోహనరావు చెయ్యెత్తలేదు. ఆయన గొంతు చాలా తగ్గిపోయింది. అదే ఎక్కువ భయపెట్టింది.

"బేగంపేటలో దిగిపో. సోమవారం మాట్లాడతాను."

బేగంపేట నుంచి నాంపల్లి దాకా మొగులయ్య నడిచే వచ్చాడు. మల్లేపల్లి సందులోని కిరాయి గదికి చేరేసరికి దీపాలు పెట్టారు. యాదవ్వ మోకాలు చూసి పసుపు అద్దుతూ అంతా విన్నది.

"ఇరుక్కపోతదని చెప్పినవ్ గద. రబ్బరు తీసేసినవ్ గద. ఇంకేం ఫికర్?"

"తీయకుండ ఉన్నా, అది ఆగకపోతుండెనేమో. ఎవలకు తెలుస్తది యాదవ్వా? ఇప్పుడు గీతొక్కటే కండ్లకు కనబడ్తది."

"నౌకరి పోతదా?"

"నౌకరి పోతే పోనీ. చేతులు చెడ్డయని పేరొస్తే ఎవలు రానిస్తరు?"

ఆదివారం అన్నం సయించలేదు. వీధిలో జీపు చప్పుడైతే లేచి నిలబడ్డాడు. మధ్యాహ్నం ఇంకో భయం పుట్టింది. రబ్బరు తీసేటప్పుడు దాని పొడో, సొల్యూషన్ ముక్కో కిటికీలోంచి లోపలికి పడిందా? బోల్టు లాగి చూడకుండానే రైఫిల్ ఇచ్చేశాడు. ఆపద తప్పించబోయి ఇంకో ఆపద పెట్టలేదు కదా! ఆ ఆలోచనతో సాయంత్రం వరకు గది లోపలా బయటా తిరుగుతూనే ఉన్నాడు. యాదవ్వ పోశవ్వ గుడికి పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చింది.

సోమవారం దుకాణంలో రాధాకృష్ణమూర్తి పలకరించలేదు. పనిముట్ల పెట్టె తాళం తన జేబులో వేసుకుని కూర్చున్నాడు. పదకొండు గంటలకు జీపు ఆగింది. జగన్మోహనరావు దిగాడు. చేతిలో తోలుపెట్టె. ఆయన రెండు కాళ్ల మీద నడిచి రావడం చూడగానే మొగులయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మరుక్షణమే ఆయన మొహం చూసి అవి ఎండిపోయాయి.

"రెండు రాత్రులు కూర్చున్నాం. చిరుత కాదు కదా, నక్క కూడా రాలేదు," అన్నాడు జగన్మోహనరావు. "కాబట్టి ఇతను చెప్పింది నిజమో కాదో నాకు తెలియలేదు. తేల్చుకోవాలి. మొగులయ్యా, ఆ రబ్బరు మళ్లీ అతికించు. చాంద్‌మారీకి వెళదాం. నువ్వు చెప్పినట్టే గట్టు మీద నుంచి వంగి కాలుస్తాను. ఆగిందా, సరే. ఆగలేదా..." అని రాధాకృష్ణమూర్తి వైపు చూశాడు.

"ఆగకపోతే ఈ మనిషి రేపట్నుంచి నా దుకాణంలో ఉండడండీ," అన్నాడు రాధాకృష్ణమూర్తి.

అదే రబ్బరు తునకకు జోడీగా ఇంకొకటి కోసి, అదే కొలతలో, అదే చోట మొగులయ్య అతికించాడు. కొంచెం పక్కకు అతికిస్తే తప్పకుండా ఆగిపోతుందని అతనికి తెలుసు. వేళ్లు ఆ పక్కకు ఒక్కసారి జరిగాయి కూడా. మళ్లీ వెనక్కి లాగి, పాత గుర్తు మీదే పెట్టి నొక్కాడు.

మిట్టమధ్యాహ్నం మైదానంలో రాళ్లు మండుతున్నాయి. జగన్మోహనరావు గట్టు ఎక్కి, కింద గుంటలోని రేకుడబ్బా వైపు వంగి, రైఫిల్ ఒరగదీశాడు. మొగులయ్య దూది పెట్టుకోలేదు. వినాలి.

మొదటి గుండు. ఖోకా ఎండలో మెరుస్తూ పక్కకు ఎగిరింది. రెండోది. మూడోది. మూడూ దూరంగా పడ్డాయి. నాలుగోది కూడా. ప్రతి పేలుడుకూ మొగులయ్య ఒళ్లు ఎగిరిపడుతోంది. ఐదో గుండు పేలి, ఐదో ఖోకా కూడా రాళ్లమీద గలగలా దొర్లింది.

జగన్మోహనరావు రైఫిల్ దించి వెనక్కి తిరిగాడు. రాధాకృష్ణమూర్తి రుమాలుతో మెడ తుడుచుకుంటూ, "నేను ముందే చెప్పానండీ. వట్టి పిరికివాడు," అన్నాడు.

మొగులయ్య ఊరుకుంటే నౌకరీ ఒక్కటే పోతుంది. కాని ఈయన ఆ రబ్బరు అలాగే ఉంచుకుని మళ్లీ అడవికి పోతాడు. ఆ సంగతి తట్టగానే నోరు దానంతట అదే తెరుచుకుంది.

"సార్, ఇంకో ఐదు."

"ఏమిటీ?"

"ఇంకో ఐదు కాల్చుండ్రి సార్. గంతే అడుగుత. తర్వాత పొమ్మంటే పోత."

"తూటాలేమైనా శనగలనుకున్నావా?" అని రాధాకృష్ణమూర్తి కసిరాడు.

జగన్మోహనరావు మొగులయ్య మొహంలోకి చూశాడు. మొగులయ్య తల దించుకోలేదు. ఆయన మళ్లీ గట్టెక్కి ఐదు తూటాలు నింపాడు. వంగాడు. కాల్చాడు. ఖోకా ఎగిరింది. మళ్లీ కాల్చాడు.

ఈసారి రాళ్లమీద గలగల వినబడలేదు.

జగన్మోహనరావు మీట నొక్కాడు. ఏమీ జరగలేదు. మళ్లీ నొక్కాడు. రైఫిల్‌ను ఎత్తి చూశాడు. కిటికీలో ఖోకా అడ్డంగా ఇరుక్కుని, సగం బయటికి, సగం లోపలికి, బోల్టు పళ్ల మధ్య ఎముకలా ఉంది. బోల్టు లాగాడు. రాలేదు. బలంగా లాగాడు. వేలు చీరుకుని రక్తం వచ్చింది. ఖోకా కదల్లేదు. మెడమీద నరాలు ఉబ్బాయి. ఇంకోసారి లాగాడు, పెనుగులాడాడు. గట్టు కింద గుంటలో, ఇరవై అడుగుల దూరంలో, రేకుడబ్బా చిల్లులు పడి కూడా అలాగే నిలబడి ఉంది.

ఆయన చేతులు ఆగిపోయాయి. ఆ రేకుడబ్బా వైపు చూస్తూ ఉండిపోయాడు.  తర్వాత రైఫిల్‌ను రెండు చేతులా మొగులయ్యకు అందించి, గట్టుమీద రాయి చూసుకుని కూర్చుండిపోయాడు.

మొగులయ్య గొట్టాన్ని గుంట వైపే తిప్పి, మీట దగ్గరికి వేలు పోనివ్వకుండా, చాకు మొనతో ఖోకాను తప్పించి, లోపలి తూటాలు ఒక్కొక్కటే తీసేశాడు. నిండిన తుపాకీని అంతసేపు పట్టుకోవడం అతని జన్మలో అదే మొదలు. పని అయిపోయేదాకా భయం గుర్తే లేదు. అయిపోయాక ఒక పక్కకు పోయి వాంతి చేసుకున్నాడు.

తిరుగు దారిలో రాధాకృష్ణమూర్తి ఆబిడ్స్‌లో దిగుతూ, పనిముట్ల పెట్టె తాళం మొగులయ్య చేతిలో పెట్టి, అతని మొహం చూడకుండా లోపలికి వెళ్లిపోయాడు. జగన్మోహనరావు జీపును నాంపల్లి వైపు పోనిచ్చి, ఒక ఇరానీ హోటలు ముందు ఆపాడు.

"రా," అన్నాడు.

మొగులయ్య తలుపు దగ్గరే నిలబడబోతే చెయ్యి పట్టుకుని ఎదురు కుర్చీలో కూర్చోబెట్టాడు. రెండు చాయ్‌లు వచ్చాయి. జగన్మోహనరావు కప్పు ఎత్తాడు. అది సాసరుకు టకటకా కొట్టుకుంది. చాయ్ ఒలికి తెల్ల చొక్కా మీద పడింది. ఆయన కప్పు మళ్లీ కింద పెట్టేసి, చీరుకున్న వేలికి రుమాలు చుట్టుకుంటూ కూర్చున్నాడు.

"భావనారాయణకు ముగ్గురు పిల్లలు," అన్నాడు. "చిన్నవాడికి ఇంకా రెండేళ్లు నిండలేదు."

మొగులయ్య తన కప్పు ఆయన వైపు జరిపాడు.

"రబ్బరు కావాలన్నది నేను. గీత పడకూడదన్నది నేను. నువ్వు అప్పుడే చెప్పావు, దాని గుణమే అంత అని."

"గురిచూసి ఆడుకునేటప్పుడు పక్కకు గుడ్డసంచి కట్టుకోవచ్చు సార్. తీగతోని దూరంగ కడ్త, ఖోకా దాంట్ల పడ్తది. మా యాదవ్వ మంచిగ కుడ్తది. అడివికి పోయేటప్పుడు మటుకు ఏమొద్దు. గీతలు పడనియ్యుండ్రి."

జగన్మోహనరావు తలూపాడు.

"ఆ రోజు దుకాణం నుంచి ఫోనొచ్చిందని వసుమతి చెప్పింది. వేట బాగా సాగాలని చెప్పడానికేనంటే నమ్మక, పొద్దున వచ్చినప్పటి నుంచీ నన్ను అడుగుతోంది. ఎప్పుడైనా నిన్ను అడిగితే, స్ప్రింగు మార్చడానికని చెప్పు. ఈ సంగతి ఆమెకు చెప్పొద్దు."

"చెప్ప సార్."

ఒలికిన చాయ్ గాజుబల్ల మీద పారుతూ మొగులయ్య వైపు వచ్చింది. హోటలు కుర్రాడిని పిలవకుండా ఆయనే రుమాలుతో తుడిచి, ఇంకో రెండు చాయ్‌లు తెమ్మన్నాడు. ఈసారి ఇద్దరూ సాసర్లలో పోసుకుని, రెండు చేతులా పట్టుకుని తాగారు.